పుదీనా మొదట్లో ఎర్రటి నీళ్లు

బొగ్గుబాయిలో పనిచేసేవాడి ఉమ్ము నల్లగా ఉంటుంది. మా గోదావరిఖనిలో దాన్నెవరూ పట్టించుకోరు. నేను ఇరవై రెండేళ్లు అండర్‌గ్రౌండ్‌లో కోల్‌ఫిల్లర్‌గా పనిచేశాను. కూలిన బొగ్గును టబ్బుల్లోకి ఎత్తడం నా పని. డ్యూటీ దిగి ఉమ్మితే నలుపు, స్నానం చేసి ఉమ్మినా నలుపే. వరసగా మూడు రోజులు సెలవు పెడితే నాలుగో రోజుకు తెల్లబడుతుంది.

రాష్ట్రం రావడానికి ఏడెనిమిదేళ్ల ముందు, మాఘమాసంలో, రామగిరి దగ్గర మా అక్క కొడుకు పెళ్లికి వారం సెలవు పెట్టి వెళ్లాను. ఐదో రోజు భోజనాల దగ్గర దగ్గు వచ్చి, కొత్త దస్తీ నోటికి అడ్డం పెట్టుకున్నాను. తీసి చూస్తే తెల్లటి గుడ్డ మీద ఎర్రటి చార. పాన్ మరక అనుకున్నాను. కానీ ఆ రోజు నేను పాన్ వేసుకోలేదు.

అప్పటికే రెండు నెలలుగా దగ్గు. సాయంత్రం అయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది. ప్యాంటు జారుతుంటే బెల్టుకు కొత్త బెజ్జం పెట్టించుకున్నాను తప్ప ఎందుకు జారుతోందని అడగలేదు. రక్తం ఎన్నాళ్ల నుంచి పడుతోందో నాకు ఇప్పటికీ తెలియదు. నలుపులో ఎరుపు కనిపించదు. ఇలాంటి పొరపాటు మా బాయి వాళ్లే చేయగలరు.

దవాఖానలో మూడుసార్లు కళ్లె పట్టించారు, ఎక్స్‌రే తీశారు. డాక్టరు సినిమా టికెట్టు చూసినట్టు ఫిల్మును వెలుగులోకి ఎత్తి చూసి చెప్పారు.

"స్ప్యూటం పాజిటివ్. లెఫ్ట్ అప్పర్ లోబ్‌ల కావిటీ ఉంది. టీబీ. ఆర్నెల్లు మందు మింగితే తగ్గుతది. నడుమ ఆపితే మాత్రం మొండికేస్తది."

నా భార్య సరోజన అడిగింది ఒక్కటే ప్రశ్న. "పిల్లకు అంటుతదా సార్?"

మా మౌనికకు అప్పుడు తొమ్మిదేళ్లు. పెళ్లయిన పన్నెండేళ్లకు పుట్టిన పిల్ల. దగ్గేటప్పుడు గుడ్డ అడ్డం పెట్టుకోమని, కిటికీలు తెరిచి ఉంచమని, రెండు నెలలు మందు పడ్డాక అంత భయం ఉండదని డాక్టరు చెప్పారు. సరోజన ఆ రెండు నెలలు ఆగలేదు. మర్నాడే పిల్లను మందమర్రిలో వాళ్లమ్మ ఇంట్లో దింపి వచ్చింది. నా కంచం, గ్లాసు వేరే గూట్లోకి పోయాయి. ఎవరి మీదా కోపం రాలేదు. కోపానికి కూడా ఓపిక కావాలి.

వారానికి మూడు రోజులు దవాఖానలో నర్సమ్మ ముందర ఏడేసి మాత్రలు మింగాలి. అందులో ఒకటి ఎర్రటి క్యాప్సూల్. మూత్రం ఎర్రగా వస్తుంది, భయపడొద్దని ముందే చెప్పింది. మింగిన గంటకు కడుపులో మంట, వాంతి. మిగతా సమయం మంచం. ఇంటి పైకప్పు రేకుల్లో ఎన్ని మేకులున్నాయో లెక్కపెట్టి, మరిచిపోయి, మళ్లీ లెక్కపెట్టేవాణ్ని.

మా పక్క క్వార్టర్ ప్రభుదాస్ సారుది. బళ్లో తెలుగు చెప్పి రిటైరై, బాయిలో ఎలక్ట్రీషియన్‌గా ఉన్న కొడుకు దగ్గర ఉంటున్నారు. ఆదివారం చర్చి నుంచి వచ్చి, కుర్చీ ఎత్తుకుని నేరుగా మా వేపచెట్టు కిందికి వచ్చారు. లైనులో మిగతా వాళ్లు గేటు అవతలి నుంచే ఎట్లుంది అని అడిగి పోతున్న రోజులవి. నేను లేచి గాలి ఎటు వీస్తోందో చూశాను. బాయిలో మంచి గాలి వచ్చే దారిని ఇంటేక్ అంటాం, వాడిన గాలి బయటికి పోయే దారిని రిటర్న్ అంటాం.

"సార్, మీరు ఇంటేక్ దిక్కు కూసోండ్రి. నేను రిటర్న్ దిక్కు ఉంట."

సారు నవ్వి కుర్చీ జరుపుకున్నారు. జేబులోంచి చిన్న నోటుబుక్కు తీశారు.

"హైకూ అని జపానోళ్ల పద్యం సమ్మయ్యా. మూడే లైన్లు. ఒక్క ఊపిరిల చెప్పేటంత. నీ దగ్గర అంతకంటె ఎక్కువ ఊపిరి గూడ లేదాయె."

"నా అసొంటోనికి పద్యాలేంది సార్?"

"పొద్దంత రేకులు చూసుకుంట పండే బదులు గిది చెయ్. కనబడ్డది రాయి. దేంతోని పోల్చకు. ఏ కాలమో తెలిసే మాట ఒక్కటి ఉండాలె, గంతే."

నేను పదో తరగతి వరకు చదివాను. ఆ చదువు పొగరు ఇంకా కొంచెం మిగిలి ఉంది. మొదటి రోజు ఎండ నిప్పుల కొలిమి అని, నా బతుకు అందులో బొగ్గు అని రాశాను. సారు కళ్లద్దాలు సవరించుకుని మా వాకిలంతా చూశారు.

"కొలిమి ఏడున్నదయ్యా? నాకు కనబడ్తలేదు."

మూడు లైన్లూ కొట్టేశారు.

నిజానికి ఎండాకాలం మధ్యాహ్నం ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఫస్టు షిఫ్టయితే ఆ వేళకు భూమి లోపల ఉంటాం. రాత్రి షిఫ్టయితే కిటికీ మూసి నిద్రపోతుంటాం. సెకండ్ షిఫ్టయితే గబగబా తిని డ్యూటీకి తయారవుతుంటాం. నలభై రెండేళ్ల వయసులో, ఊపిరితిత్తికి చిల్లు పడ్డాక, మొదటిసారి వాకిట్లో కూర్చుని మిట్టమధ్యాహ్నాన్ని చూశాను.

జపానోళ్లకు ఎండాకాలం మాటలంటే చిమ్మెట, పొట్టి రాత్రి, ఎక్కడినుంచో వచ్చే చల్లగాలి అని సారు చెప్పారు. మనవేంటో రాయమన్నారు. కూలర్ గడ్డి, తునికిపండ్లు, ముంజలు, మామిడికాయ తొక్కు, గోనెపట్టా చుట్టిన రంజన్ అని రాశాను. రంజన్ అంటే మా దగ్గర నీళ్లు చల్లబడే పెద్ద మట్టికుండ. సరోజన వంటింట్లోంచి "సల్ల మర్సిపోయినవ్" అని అరిచింది. సల్ల కూడా రాశాను.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగింది. రోజూ జరిగేదే. ఇల్లు అదిరింది. నేను ఆ వేళ రంజన్ మూత తీసి నీళ్లు ముంచబోతున్నాను.

మధ్యాహ్నం బ్లాస్టింగ్
రంజన్‌లో నీళ్లు
వణికి నిలిచాయి

సారు రెండుసార్లు చదివారు, మూడోసారి కళ్లు మూసుకుని చెప్పుకున్నారు. "ఎండ అన్న మాటనే రాయలె. అయినా ఎండ ఉన్నది. భయం అన్న మాట రాయలె. అది గూడ ఉన్నది." నాకు ఏడుపొచ్చింది. ఇరవై రెండేళ్లలో నేను ఎత్తిన బొగ్గును ఎవరూ రెండోసారి చూడలేదు.

ఏప్రిల్ చివర్లో స్ప్యూటం నెగెటివ్ వచ్చింది. మేలో సెలవులకు మౌనిక ఇల్లు చేరింది. మూడు కిలోలు పెరిగాను. పిల్ల పచ్చి మామిడికాయకు ఉప్పు కారం అద్ది నా నోట్లో పెట్టేది. మందు మింగితే మాత్రం ఏదీ లోపల నిలిచేది కాదు. ఇప్పుడు మాత్రలు మూడే, ఎర్రటి క్యాప్సూల్ అందులోనూ ఉంది. సోమవారం ఒక డోసు నర్సమ్మ ముందర, మిగతా రెండు ఇంట్లో. ఖాళీ అట్ట తిరిగి ఇవ్వాలి.

నేను అట్టలు ఖాళీగానే ఇచ్చాను. మాత్రలు మింగలేదు. కూలర్ నుంచి కారే నీళ్లతో ఇంటి వెనక ఎప్పుడూ తడిగా ఉండేది, అక్కడ సరోజన పుదీనా వేసింది. మాత్రలు ఆ బురదలో వేలితో గుచ్చేవాణ్ని. నెగెటివ్ వచ్చింది కదా, ఇంకెందుకు అనుకున్నాను. రోగిగా ఉండి ఉండి విసుగొచ్చింది. పిల్లతో కూర్చుని ఒక పూట కడుపునిండా తిని, అది కడుపులోనే ఉండాలని ఆశపడ్డాను. ఇది తప్ప నా దగ్గర వేరే సాకు లేదు.

సారు మౌనికకు కూడా హైకూ నేర్పుతున్నారు. ఆ పిల్లకు నాకంటే కళ్లు నయం. ఒక సాయంత్రం వేపచెట్టు కింద నిలబడి చదివింది.

కూలర్ కింద తడి
పుదీనా మొదట్లో
ఎర్రటి నీళ్లు

సారు శభాష్ అన్నారు.

"అది తుప్పు బిడ్డా. కూలర్ రేకు తుప్పు పట్టింది. తుప్పు నీళ్లు అని రాయి" అన్నాను.

"తుప్పు గట్ల ఉండది బాపూ. కుంకుమ లెక్క ఉన్నది."

"చెప్తున్న గదా. దిద్దు."

పిల్ల నా ముఖం చూసి, పెన్సిల్‌తో కొట్టేసి, దిద్దింది. సారు నోటుబుక్కు చేతిలోకి తీసుకున్నారు. "ఎర్రటి నీళ్లన్నది నువ్వు చూసింది. తుప్పన్నది మీ బాపు చెప్పింది. నాకు మొదటిదే నచ్చింది" అన్నారు. అంతకుమించి తవ్వలేదు. సారు నన్ను అనుమానించలేదని ఇప్పటికీ అనుకుంటాను. ఆయన బతుకులో మాత్రలు పారేసే మనిషి ఉంటాడని ఊహించి ఉండరు.

వానలు పడ్డాక దగ్గు మళ్లీ వచ్చింది. ఈసారి ఉమ్ము తెల్లగానే ఉండేది కాబట్టి ఎరుపు మొదటి రోజే కనిపించింది. ఆ వారమే మౌనికకు కూడా దగ్గు పట్టుకుంది. సరోజన ఇద్దరినీ ఆటో ఎక్కించింది. దారి పొడుగునా పిల్ల వీపు రాస్తూనే ఉంది.

నాకు స్ప్యూటం పాజిటివ్. పిల్లకు ఎక్స్‌రే తీసి, టీబీ అంటిందో లేదో తెలియడానికి చేతికి మాంటూ టెస్ట్ సూది వేశారు. రెండు రోజులాగి రమ్మన్నారు. ఆ రెండు రోజులు నేను తిన్నదేమిటో నాకు గుర్తులేదు. పిల్ల రాత్రి దగ్గిన ప్రతిసారీ లేచి కూర్చున్నాను. దేవుడా, ఆ పిల్లను వదిలేయి, నన్ను తీసుకో అని మొక్కాను. అందరూ మొక్కే మొక్కే అది. దానికి నేను పెద్ద త్యాగిని అయిపోను.

మూడో రోజు డాక్టరు నా ఫైలు తెరిచారు.

"అన్ని మాత్రలు మింగినవా సమ్మయ్యా?"

"మింగిన సార్. అట్టలు వాపస్ ఇచ్చిన."

"మరి మందు పని చెయ్యలేదంటే డ్రగ్ రెసిస్టెన్స్ అనుకోవాలె. ఏ మందు పనిచేస్తదో చూడ కళ్లె కల్చర్‌కు పంపాలె. మందులే మార్చాలేమో."

నర్సమ్మ పక్క టేబుల్ మీద ఇంకెవరికో అట్ట చింపుతోంది. అరచేతిలో ఎర్రటి క్యాప్సూల్ పడింది. మౌనిక దాన్ని చూసింది. తర్వాత నన్ను చూసింది.

"బాపూ, అది తుప్పు కాదు గదా?"

గదిలో ఎవరికీ అర్థం కాలేదు, నాకు తప్ప. కుర్చీలో కూర్చోలేక లేచి నిలబడ్డాను. మింగలేదని చెప్పాను. ఎన్ని వారాలో, ఎక్కడ గుచ్చానో అంతా చెప్పాను. సరోజన మొహం గోడ వైపు తిప్పుకుంది. డాక్టరు పెన్ను పక్కన పెట్టారు.

"ఇప్పుడన్న చెప్పినవ్. నాకు దారి దొరికింది. కల్చర్ ఎట్లైనా పంపుత. కానీ మళ్ల మొదటి నుంచి, ఎనిమిది నెలలు. రెండు నెలలు సూదులు గూడ. ఇంక ప్రతి డోసు మా ముందర్నే." తర్వాత మౌనిక చెయ్యి పట్టుకుని, సూది వేసిన చోట వేలితో నొక్కి చూశారు. ఎక్స్‌రే ఫిల్ము ఎత్తి చూశారు. "పిల్ల మంచిగనే ఉన్నది. ఇది ఉత్త సర్ది దగ్గు. అయినా మూడు నెలలకోసారి తీసుకరాండ్రి."

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. సరోజన నా పక్కన కాకుండా రెండు మెట్లు పైన కూర్చుంది. "నాతోని అబద్ధమాడితే ఆడినవ్. పిల్ల కండ్లను గూడ అబద్ధం చేస్తివి గదనయ్యా" అంది.

కల్చర్ రిపోర్టులో పాత మందులే పనిచేస్తాయని వచ్చింది. ఇరవై నాలుగు స్ట్రెప్టోమైసిన్ సూదులు. చెవిలో గుయ్యిమనేది, నడిస్తే పక్కకు తూలేవాణ్ని. పిల్ల మళ్లీ మందమర్రి పోయింది, రెండు నెలలకు వచ్చింది. చలికాలం ఎలా గడిచిందో చెప్పడానికి ఏమీ లేదు. మందు, మంచం, మందు. సారు రోజూ వచ్చి ఇంటేక్ దిక్కు కూర్చునేవారు. జరిగింది నేనే ఆయనకు చెప్పాను. "రాసుకుంట ఉండు" అని మాత్రం అన్నారు. మౌనిక మాత్రం రాయడం మానేసింది. సారు అడిగితే "నాకు రాదు సార్" అనేది.

ఏప్రిల్‌లో మందు అయిపోయింది. నెగెటివ్. ఆ మధ్యాహ్నం ఇంటికొచ్చి పిల్ల నోటుబుక్కు వెతికాను. తుప్పు అన్న మాటను పెన్నుతో కొట్టేసి, పైన ఎర్రటి అని రాశాను. కింద నా సంతకం పెట్టాను. బడి నుంచి వచ్చాక ఆ పేజీ తెరిచి చేతికిచ్చాను.

"తప్పు నాది బిడ్డా. నువ్వు చూసిందే నిజం."

పిల్ల సంతకం మీద వేలు పెట్టింది. "సంతకం ఎందుకు బాపూ, చెక్కు బుక్కా?" అంది. నోటుబుక్కు చంకలో పెట్టుకుని సార్‌కు చూపించడానికి వెళ్లింది.

ఇప్పుడు నేను సర్ఫేస్‌లో, అంటే బాయి పైన, ల్యాంప్‌రూంలో చేస్తున్నాను. షిఫ్టుకు పోయేవాళ్లకు టోపీ లైటు ఇవ్వడం, వచ్చాక తీసుకుని చార్జింగ్ పెట్టడం. ఎడమ ఊపిరితిత్తి పైభాగం ముడుచుకుపోయింది, అది తిరిగి రాదట. బస్సు దిగి క్వార్టర్‌కు వచ్చేలోగా రెండు చోట్ల ఆగుతాను. అలసట పూర్తిగా పోలేదు, పోతుందని కూడా అనుకోవడం మానేశాను. సారు పోయి నాలుగేళ్లయింది. వేపచెట్టు కింద గాలి వచ్చే వైపు ఇప్పటికీ ఒక కుర్చీ వేస్తాను. మౌనిక కరీంనగర్‌లో డిగ్రీ చదువుతోంది. ఎండాకాలం వస్తే ఫోన్‌లో మూడు లైన్లు పంపుతుంది. బాగున్నాయో లేదో చెబుతాను గానీ, మాట మార్చమని ఎప్పుడూ అనను.

లైటు ఇచ్చేటప్పుడు బాయిలోకి దిగే ప్రతివాడికీ ఒకటే చెబుతాను, మీకూ అదే చెబుతున్నాను. సెలవు దొరికిన నాలుగో రోజు పొద్దున తెల్లటి గుడ్డలో ఉమ్మి చూసుకోండి. ఎర్రగా కనిపిస్తే పాన్ అనకండి, బొగ్గు అనకండి. అదే పూట దవాఖానకు పోయి, ఎర్రగా ఉంది అని చెప్పండి.