అమ్మకు గది ఎందుకన్నారు

మేం చిన్నగా ఉన్నప్పుడు... ధర్మవరంలో మా ఇంట్లో మగ్గాల చప్పుడు ఆగేది అమావాస్య నాడే. ఆ రోజు నేతపనికి సెలవు. మగవాళ్ళు తలంటుకొని, ఉతికిన చొక్కాలేసుకొని బజారుకు పోయేవాళ్ళు. ఆడవాళ్ళకు మాత్రం ఎప్పటి చాకిరీయే.

అట్లాంటి ఒక అమావాస్యకు మా పెదనాయన ఇంటిల్లిపాదినీ బెంగళూరు దగ్గర కొత్తగా పెట్టిన పార్కుకు తీసుకుపోతానన్నాడు. నీళ్ళలో జారే బండలు, తలకిందులుగా తిప్పే బండ్లు... మాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. కానీ అమావాస్య నాడు ఊరు కదలకూడదని అవ్వ పట్టుబట్టింది. అంటే ముందురోజే పోవాలి, రెండు రాత్రులు అక్కడే ఉండాలి. ఇంతమందిమి ఎక్కడ దిగాలనేదే పెద్ద చర్చయి కూర్చుంది.

పెదనాయన ఎవరి దగ్గరో ఒక రంగుల కాగితం తెచ్చాడు. పార్కును ఆనుకొనే రిసార్టు ఉందట. పెంకుల కప్పుతో చిన్న చిన్న గదులు... వెనకవైపు ఒక పెద్ద హాలు, దాని పక్కన వంటగది. పిల్లలం జారుడుబండల బొమ్మ కోసం కొట్టుకుంటుంటే, అమ్మ ఆ గదుల బొమ్మనే చూస్తూ ఉండిపోయింది.

ఎందుకు చూడదు? మా ఇంట్లో ముందు గదిలో రెండు మగ్గాలు, లోపలి గదిలో ఒకటి. మనుషులం మిగిలిన సందులో సర్దుకునేవాళ్ళం. అమ్మ పుట్టిల్లు హిందూపురం. కాన్పులకు అక్కడికి పోయినప్పుడు తప్ప, పెండ్లయినప్పటి నుంచి ఒక్క పూట తలుపేసుకొని కూర్చున్నది లేదు.

మా ఇంట్లో కోడళ్ళు బావగారి ఎదుట నిలబడి మాట్లాడరు. అందుకని అమ్మ నన్ను పంపింది. అరుగు మీద అందరూ ఉండగానే పోయి, అమ్మకు, నాకు, తమ్ముడికి ఒక చిన్న గదైనా తీసుకోమని చెప్పాను.

పెదనాయన కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ, "మీయమ్మకు తలుపేసుకొని చేసే పని ఏముండాది పాపా ఆడ?" అన్నాడు.

అరుగంతా గొల్లుమంది. మా నాయన కూడా నవ్వాడు. పెదనాయన మాటైనా మరిచిపోతానేమో గానీ, ఆ నవ్వు నాకు ఇప్పటికీ మింగుడుపడదు. వాకిలి తలుపు వెనక నిలబడిన అమ్మ లోపలికి పోయి మగ్గానికి దారం కండెలు చుట్టుకుంటూ కూర్చుంది.

హాలే తీసుకున్నారు. గదులకైతే చాలా అవుతుంది, హాలైతే చాపలు పరుచుకుంటే సరి, పైగా వంటగది ఉంది కాబట్టి హోటల్ తిండి ఖర్చు కూడా తప్పుతుందని పెదనాయన లెక్క. పెనుకొండలో మేనత్త వాళ్ళు కూడా మా వ్యానెక్కారు. సీట్ల కింద బియ్యం మూట, స్టవ్వు, గిన్నెలు... విహారయాత్రకు పోతున్నామో, పెండ్లి వంటకు పోతున్నామో తెలియకుండా ఉండింది.

అమావాస్య నాడు పొద్దున్నే మగవాళ్ళు, పిల్లలం పార్కులోకి పోయాం. మధ్యాహ్నం అన్నానికి హాలుకొచ్చి, తిని మళ్ళీ పోయాం. ఆడవాళ్ళు టిఫిను చేశారు, అన్నం వండారు, గిన్నెలు తోమారు, మళ్ళీ రాత్రికి పొయ్యి ముట్టించారు. వాళ్ళను మరుసటి రోజు తీసుకుపోతానని పెదనాయన మాటిచ్చాడు. మరుసటి రోజు పొద్దున్నే మగ్గం పని ఆగిపోతోందని వ్యానెక్కించాడు. అమ్మ ఆ పార్కు గేటు కూడా చూడలేదు. మా అరుపులు మాత్రం వంటగదిలోకి వినిపించాయట.

ఇంకొక మాట కూడా చెప్పాలి. ఆ హాల్లో మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క. ఇద్దరు చీర అడ్డం పట్టుకుంటే ఇంకొకరు బట్టలు మార్చుకోవాలి. అమ్మ వంతు వచ్చినప్పుడు చీర ఒక కొస పట్టుకున్నది నేనే. అమ్మ నా మొహం వైపు చూడలేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే... మొన్న మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెదనాయన కొడుకు ఒక మెసేజ్ పెట్టాడు. ఈ సెలవులకు అందరం కలిసి పార్కుకు పోదామట. అందరికీ కలిపి ఒకే డార్మిటరీ చూశాడట, వంటగది కూడా ఉందట, చిన్నప్పటి మజా మళ్ళీ వస్తుందట. కింద వరసగా నవ్వుల బొమ్మలు, గుండెకాయల బొమ్మలు... నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మజా? ఎవరు వండితే వచ్చిన మజా?

ఫోన్ చేసి కడిగేశాను. మీరు డార్మిటరీలోనే పడుకోండి, ఈసారి గరిటె మీరే పట్టుకోండి, అమ్మకు నేను వేరే గది తీస్తున్నానని చెప్పాను. కలిసి పోయేచోట వేరు గదులేమిటని సణిగాడు. వాళ్ళ నాయన బాధపడతాడట. పడనీ.

అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటుంది. రిసార్టు గది ఫొటోలు ఫోన్లో ఒక్కొక్కటే చూపించాను. మంచం, ఏసీ, కిటికీ అన్నీ దాటించేసి తలుపు కనిపించే ఫొటో దగ్గర ఆగింది. కళ్ళద్దాలు సరిచేసుకొని చాలాసేపు చూసింది.

"గడియ లోపలి పక్కే ఉండాదేమో అడుగు పాపా" అంది.

రిసార్టుకు ఫోన్ చేసి అడిగాను. అక్కడి అమ్మాయి నవ్వాపుకుంటూ, ఏ గదికైనా ఉంటుంది కదా మేడమ్ అంది. నిజమే... ఈ కాలం పిల్లలకు అది అడగాల్సిన మాటే కాదు. మా అమ్మకు ఆ మాట అడగడానికి డెబ్బై ఏళ్ళు నిండాల్సొచ్చింది.

మీ ఇండ్లల్లో కూడా "అందరం ఒకే చోట పడుకున్నాం, ఎంత బాగుండేదో" అని మురిసిపోయే మగవాళ్ళు ఉంటారు. వాళ్ళనొదిలేసి ఒకసారి మీ అమ్మను అడగండి... ఏం చెప్పిందో ఇక్కడ రాయండి.