పాము చెవుల మామయ్య పందెం

మా మామయ్యవి పాము చెవులని పేరు. ఎదురింట్లో ఫ్యాను తిరుగుతుంటే ఇక్కడ కూర్చుని బేరింగు పోయిందని చెప్పేవాడు. అందుకే తన చేత్తో తయారుచేసిన ఆంప్లిఫయరును మించింది లోకంలో లేదంటే ఇంటిల్లిపాదీ నమ్మాం. కాకిపిల్ల కాకికి ముద్దని అత్తయ్య మాత్రం నవ్వేది. ఈమధ్య ఆవిడా నవ్వడం మానేసింది. కొనేవాళ్లు లేరు. ఈ నెల ఇలాగే గడిస్తే వర్క్‌షాపు మూసేసి ఏదో ఫ్యాక్టరీలో చేరాల్సిందే.

మిగిలిన ఆశల్లా పెద్ద ఆడియో షోరూము యజమాని.

"ఆంప్లిఫయర్లన్నీ ఒక్కలాగే పాడతాయి, మెకానిక్ గారూ. మీదీ, నా దగ్గరున్న ఖరీదైనదీ తెర వెనక పెడదాం. మీ చెవులకే తేడా తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? అప్పుడు మీదే షాపులో పెడతా. తేడా ఉందని తేలితే మాత్రం జనం ఖరీదైనదే కొంటారు, నేనూ అదే అమ్ముకుంటా" అన్నాడాయన.

"తెలియకపోవడమా! నిద్రలో లేపి అడిగినా నాదేదో చెప్తాను సార్" అన్నాడు మామయ్య. నెగ్గితే వర్క్‌షాపు పోతుందని ఆ మహానుభావుడికి తట్టనే లేదు. నాకు ఒళ్లు మండింది.

తెర వెనక స్విచ్చు మార్చే పని నాకు పడింది. యజమాని మీటరు పెట్టి రెండింటి శబ్దం సరిసమానం చేశాడు.

"కాస్త గట్టిగా మోగేదే బాగున్నట్టు అనిపిస్తుందమ్మా. అక్కడే ఉంది మోసమంతా" అన్నాడు.

ఇంట్లో మామయ్య ఎప్పుడూ తనదానికే వాల్యూము నాబు ఓ పిసరు ఎక్కువ తిప్పేవాడు.

పాట మొదలైంది. "ఇది నాది" అన్నాడు మామయ్య వెంటనే. కాదు. స్విచ్చు మార్చాను. "ఇది షాపుది. గొంతులో జీవం లేదు, విన్నారా?" అన్నాడు. అది ఆయన రాత్రింబగళ్లు కూర్చుని చేసుకున్నదే. తర్వాత ఒకటి సరిగ్గా చెప్పాడు, మళ్లీ తప్పాడు. రానురాను గొంతు తగ్గింది.

"ఆగవే... ఇంకోసారి పెట్టు" అన్నాడు. పెట్టాను. అదీ తప్పే.

"ఏమ్మా, మీ మామయ్య సరిగ్గా చెప్పారా?" అని యజమాని అడిగాడు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. అన్నీ సరే అంటే ఆయన పరువు దక్కుతుంది, పని పోతుంది. తెర పక్క నుంచి చూస్తే మామయ్య కళ్లు నన్నే బతిమాలుతున్నాయి. దేనికి బతిమాలుతున్నాడో ఆయనకైనా తెలుసో లేదో!

"సగానికి పైగా తప్పే. కళ్లు మూసుకుని బొమ్మా బొరుసూ వేసినా ఇంతకంటే నయం" అనేశాను. నాకసలే నోటిదురుసు.

యజమాని పకపకా నవ్వి, వచ్చే నెలకల్లా పది కావాలంటూ చెయ్యి చాచాడు. మామయ్య చెయ్యి కలిపాడు గానీ ఆ రెండు పెట్టెల మీంచి చూపు తిప్పలేదు.

ఇంటి గుమ్మంలోనే అత్తయ్య ఎదురొచ్చింది. "ఏమైందండీ?"

"మనదే తీసుకుంటారటే" అని, చెప్పులైనా విప్పకుండా గడప మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. అత్తయ్య అవి ఆనందబాష్పాలనుకుని తల నిమిరింది. కాదని నేను చెప్పలేదు.