మా ప్యాకింగ్ గదికి గాలి తెచ్చిన సారు

మా మెయింటెనెన్స్ సారు పోయారన్న కబురు ఇస్నాపూర్ చౌరస్తాలో కంపెనీ బస్సు కోసం నిలబడి ఉండగా తెలిసింది. నాతో ప్యాకింగ్‌లో పనిచేసే అక్క ఫోన్ చేసింది. "సారు లేడంటనే. పొద్దుగాల గుండె ఆగిపోయిందంట" అని ఏడ్చింది. బస్సు వచ్చింది, వెళ్లిపోయింది. నేను ఎక్కలేదు.

ఆయన గోదావరి వైపు మనిషి. ఉద్యోగానికని వచ్చి ఇక్కడే ఉండిపోయారు. కాజీపల్లిలో మా మందుల ఫ్యాక్టరీలో మోటార్లు, బ్లోయర్లు అన్నీ ఆయన చూసుకునేవారు. గదిలోకి వస్తూనే "ఏమ్మా, ఊపిరాడుతోందా?" అని అడిగేవారు. అది ఉత్త పలకరింపే అనుకుని నవ్వేవాళ్లం.

మేం పొడి మందును డ్రమ్ముల్లో నింపుతాం. ఆ ఘాటును బయటికి లాగడానికి పైకప్పు మీద పెద్ద బ్లోయర్ ఉంది. ఒకసారి దాని మోటారు కాలిపోతే, బాగు చేయించి తెచ్చి సారు కింది పనివాళ్లు బిగించారు. మర్నాడు టీ వేళకల్లా నాకు తల తిరగసాగింది. షిఫ్టు ఇన్‌చార్జికి చెబితే "బ్లోయర్ మోత వినొస్తలేదా? తినకుంట వచ్చినట్టున్నవ్" అన్నాడు. నిజమే, మోత వినిపిస్తోంది. నా ఒంట్లోనే ఏదో తేడా ఉందనుకున్నాను. కాసేపటికి అక్క కూడా గోడ పట్టుకుని కూలబడింది.

అప్పుడే సారు వచ్చారు. "సార్, జెర సూడుండ్రి. తల తిరుగుతున్నది, గొంతు మండుతున్నది" అన్నాను భయం భయంగా.

ఆయన నా ముఖం చూశారు, అక్క ముఖం చూశారు. "అందరూ బయటికి నడవండి. ముందు మీరు, తర్వాతే మిషను."

"లోడు ఇయ్యాల పోవాలె సార్" అని గొణిగాడు ఇన్‌చార్జి.

"పోదు. ఎవరైనా అడిగితే నేను ఆపానని చెప్పు."

మేం గోడ నీడలో కూర్చుని తలుపులోంచి చూస్తున్నాం. ఆయన గాలి లాగే జాలీ దగ్గర పల్చటి కాగితం ముక్క పెట్టారు. అతుక్కోవాల్సిన కాగితం జారి కింద పడింది. బ్లోయర్ ఆపించి ఫిల్టర్ చూశారు, శుభ్రంగానే ఉంది. పైకెక్కి బెల్టు చూశారు, బిగువుగానే ఉంది. ఒక్క క్షణం మోటారు వేయించి ఆపించారు. లోపలి ఫ్యాను నెమ్మదిస్తుంటే వంగి చూశారు. బ్లోయర్ డబ్బా మీది బాణం గుర్తు ఒకవైపు ఉంటే, ఫ్యాను మరోవైపు తిరుగుతోందని దిగి వచ్చి చెప్పారు. మోటారు బిగించినప్పుడు రెండు వైర్లు తారుమారయ్యాయి. ఉల్టా తిరిగినా కాస్త గాలి కదులుతుంది, మోత మాత్రం ఎప్పటిలాగే ఉంటుంది. కరెంటు తీయించి, స్విచ్‌కు తాళం వేసి, తాళంచెవి తన జేబులో పెట్టుకున్నాకే వైర్లు మార్పించారు.

ఈసారి కాగితం జాలీకి టప్పున అతుక్కుంది. అయినా ఘాటు పూర్తిగా పోయేదాకా మమ్మల్ని లోపలికి పంపలేదు.

"మోత వినపడితే గాలి లాగుతున్నట్టు కాదమ్మా" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "నిన్ననే నేను చూసుకోవాల్సింది. ఏమీ అనుకోకండి" అన్నారు. ఆ ఫ్యాక్టరీలో పెద్ద ఉద్యోగి ఒకరు తప్పు తనదని మాతో అనడం నేను వినడం అదే మొదలు.

తర్వాత కాగితం పెట్టి చూడటం మాకూ నేర్పారు. బ్లోయర్‌కి గాలి వెళ్లే గొట్టం మీద అరచెయ్యి ఆనించి, "వణుకు ఎక్కువైంది, రెక్కలకి పొడి పట్టుంటుంది" అనేవారు. కడిగించాక మా చేతులు కూడా అక్కడ పెట్టించి తేడా చూపించేవారు. మాలో ఎవరికి నలతగా ఉన్నా, ముందు గాలి చూసేవారు, తర్వాతే తిన్నావా అని అడిగేవారు.

కర్మలయ్యాక, ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న రామచంద్రాపురంలో వాళ్లింటికి వెళ్లాం. "ప్యాకింగ్ అమ్మాయిలు మీరేనా?" అంటూ ఆయన భార్య మమ్మల్ని వంటింట్లోకే తీసుకెళ్లారు. గోడలో పొగ లాగే ఫ్యాను ఉండాల్సిన చోట అట్టముక్క అడ్డం పెట్టి ఉంది. "కడుగుదామని విప్పారు. బిగించేలోపే..." అంటూ బాల్కనీ వైపు చూపించారు. రెక్కలు బాల్కనీలో పాత పేపరు మీద ఆరి ఉన్నాయి.

"మేం పెట్టమంటరా అమ్మా?" అని అడిగాను. ఆవిడ తలూపారు.

అక్క స్టూలు పట్టుకుంది, నేను స్క్రూలు బిగించాను. ఫ్యాను వేశాక ఆవిడ మా కోసం పాలు పొయ్యి మీద పెట్టారు. ఆవిరి గిన్నె మీద కాసేపు తచ్చాడి, మెల్లగా గోడ వైపు వంగి బయటికి పోసాగింది. చేతిలో పంచదార డబ్బాతో ఆవిడ దాన్నే చూస్తూ నిలబడ్డారు. పాలు పొంగి పొయ్యి మీద పడేదాకా మాలో ఎవరమూ కదల్లేదు.