కోట గోడ మీద పెద్ద పేరు

తొంభై నాలుగులో, మాఘమాసం ఆఖరి ఆదివారం, పొద్దున తొమ్మిదింటికి జరిగిందిది. యాభై దాటాక రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్నదాన్ని నేను. మా పంతులమ్మ మమ్మల్ని బందరు కోటలో డచ్చివాళ్ళ నాటి పాత కట్టడానికి తీసుకెళ్ళి, "గోడల నిండా రాతలేనమ్మా, చదవండి" అన్నారు. రెండు మూరల మందం గోడలవి, ఉప్పెనలకే చెక్కుచెదరలేదు. ఆ సున్నాన్ని మేకులతో గీకి పేర్లు రాసుకున్నారు దద్దమ్మలు, వాళ్ళ తాతలు కట్టించినట్టు!

గుమ్మం పైన అన్నిటికంటే పెద్ద పేరు చూసి నాకు ఒళ్ళు మండింది. "ఈ వెధవని ఏ తల్లి కన్నదో, దానికైనా సిగ్గుండొద్దూ!" అని తిట్టి, కూడబలుక్కుని పైకి చదివాను.

"బోటు మెకానిక్ ఏడుకొండలు, గిలకలదిండి."

మా ఊళ్ళో బోటు మెకానిక్కు ఒక్కడే. నా కొడుకు.

"ఆ తల్లివి నువ్వేగా వదినా!" అంది నాతో రాత్రిబడిలో చదివే నాగమ్మ. అందరూ పగలబడి నవ్వారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఇంటికెళ్ళి నిలదీస్తే, "అందరూ రాశారు కదమ్మా" అన్నాడు. ఇటుక మీద ఇటుక పెట్టడం చేతకానివాడికి గోడ మీద పేరు కావాలట!

ఆ పూట అక్కడున్నది పంతులమ్మ సరోజినిగారు, నాగమ్మ, ముత్యాలు పిన్ని, వెంకన్న బావ, నేను పోలమ్మ. మా పేర్లు కాగితం మీద రాశాను, గోడ మీద కాదు.