ఆపేశాక వచ్చిన ఒక్క పేరు

దెయ్యాలూ గాలీ ధూళీ అంటే నాకు మొదట్నుంచీ నవ్వే. మా అత్తగారు దిష్టి తీస్తే ఆవిడ తృప్తి కోసం కూర్చునేదాన్ని గానీ, మనసులో మాత్రం పొద్దుటికి కూరేం చేయాలా అని ఆలోచించేదాన్ని. ఇప్పటికీ అంతే. ఒక్క ఆ రోజు సంగతే కొరుకుడు పడదు.

సెల్‌ఫోన్లు ఇంకా అందరి చేతుల్లోకీ రాని రోజులు. బందరులో ఒక చిన్న బ్లడ్ బ్యాంకులో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేసేదాన్ని. శిబిరాల్లో రక్తం ఇచ్చినవాళ్ల పేర్లన్నీ డేటాబేస్‌లో ఎక్కించడం నా పని. నల్ల తెర మీద కమాండ్ కొడితే, అడిగిన గ్రూపు వాళ్ల పేర్లూ ఫోన్ నంబర్లూ వచ్చేవి.

ఆ మధ్యాహ్నం రక్తం కావలసింది మా అక్కకే. కాన్పయింది, పాప బాగుంది, అక్కకి మాత్రం రక్తస్రావం ఆగడం లేదు. ఆమెది ఓ నెగెటివ్. మా ఫ్రిజ్‌లో ఆ గ్రూపు ఒక్క ప్యాకెట్టు కూడా లేదు.

కమాండ్ కొట్టాను. కంగారులో ఏం తప్పు రాశానో, ఎంతసేపటికీ జవాబు రాదు, అది ఆగదు. వెనక నిలబడ్డ మా ఇన్‌చార్జి మూర్తి గారు, "ఆపెయ్యమ్మా, విజయవాడకి ఫోన్ చేద్దాం" అన్నారు.

కంట్రోల్, సీ కలిపి నొక్కాను. రద్దు చేయమని సర్వర్‌కి కబురు పంపినట్టు తెర మీద వచ్చింది. కాసేపటికి రద్దయిందనీ వచ్చింది.

దాని కింద ఒక్క వరుస. ఖాసిం, పెడన, ఓ నెగెటివ్, ఒక పీపీ నంబరు. అంటే పక్కవాళ్ల ఫోను, వాళ్లే మనిషిని పిలిచి ఇస్తారు.

మధ్యలో ఆపేస్తే ఆ ప్రోగ్రాం అప్పటిదాకా దొరికినవి కూడా చూపించదు. అది నాకు బాగా తెలుసు. కానీ అప్పుడు అవన్నీ ఆలోచించే స్థితిలో లేను. వెంటనే ఫోన్ చేశాను.

కిళ్లీ కొట్టాయన ఎత్తి, పక్క షెడ్డులో కలంకారీ అచ్చులు వేస్తున్న ఖాసిం గారిని పిలిచాడు. విషయం చెప్పగానే ఆయన ఎవరి బండో పట్టుకుని, వేళ్లకి రంగు కూడా కడుక్కోకుండా వచ్చేశారు. పరీక్ష చేస్తే నిజంగానే ఓ నెగెటివ్. విజయవాడ నుంచి మిగతా రక్తం వచ్చేదాకా అక్కని నిలబెట్టింది ఆ ఒక్క ప్యాకెట్టేనని డాక్టరమ్మ చెప్పింది. నేను ఆస్పత్రి వరండాలో కూర్చుని తనివితీరా ఏడ్చాను.

తర్వాత ఆయనకి టీ ఇస్తూ, ఇదివరకు ఏ శిబిరంలో ఇచ్చారని అడిగాను.

"ఎక్కడా ఇవ్వలేదమ్మా. సూదంటేనే నాకు భయం. నా గ్రూపేంటో నాకు ఇవాళ మీరు చెబితేనే తెలిసింది" అన్నారు.

ఆయన్ని పంపేసి డేటాబేస్ అంతా వెతికాను. ఆ పేరు లేదు. ఆ నంబరూ లేదు. మూర్తి గారు పెడన శిబిరాల రిజిస్టర్లు బీరువాలోంచి తీయించి పేజీ పేజీ తిప్పారు, వాటిలోనూ లేదు. ఆ వరుసని ఆయన కూడా చూశారు కాబట్టి సరిపోయింది, లేకపోతే నాకే మతి చలించిందనుకునేదాన్ని.

రద్దు అనేది మన విన్నపం మాత్రమే, అది సర్వర్‌కి ఆలస్యంగా అంది, ఈలోగా జవాబు వచ్చేసి ఉండొచ్చని తెలిసినవాళ్లు తర్వాత చెప్పారు. ఒప్పుకున్నాను. కానీ ఎంత ఆలస్యమైనా లేని పేరు రాదు కదా. అక్క నిక్షేపంగా ఉంది, నాకది చాలు. ఎలా జరిగిందో మాత్రం ఇన్నేళ్లయినా అర్థం కాలేదు.

ఖాసిం గారి పేరు, ఊరు, గ్రూపు, ఆ పీపీ నంబరు మా డేటాబేస్‌లోకి మొదటిసారి ఎక్కింది ఆ సాయంత్రమే. ఎక్కించింది నేనే.