మందు లేని పార్టీకి జెల్లీ షాట్లు

మా పక్కింటి ప్రిస్కిల్లా వదినకి ఒక జబ్బుంది. గుమ్మమెక్కిన మనిషి ఖాళీ కడుపుతో దిగితే ఆవిడకి నిద్ర పట్టదు. అలాంటావిడ మొగుడు రిటైరవుతూ పార్టీ వద్దంటే వద్దన్నారు.

జయపాల్ అన్నయ్యగారు రాజమండ్రిలోనే ఒక కాలేజీలో గుమాస్తా. ఒకప్పుడు తాగుడు ఆయన్నీ, ఇంటినీ గుల్ల చేసింది. మానేసి ఏళ్లు గడిచాయి గాని భయం పోలేదు. ఏ ఫంక్షన్‌కి వెళ్లినా తోటి ఉద్యోగి దొరబాబు గారు గ్లాసు పట్టుకొచ్చి, "ఒక్కటేనండి, ఏం కాదు" అంటాడు. ఆ మాటకి జడిసి అన్నయ్యగారు వెళ్లడమే మానుకున్నారు. ఆఖరికి చర్చిలో రొట్టె, ద్రాక్షారసం పంచే ప్రభు భోజనానికి కూడా లేచేవారు కాదు, ఆ వైను వాసనకి. అప్పుడు వదినే పాస్టరు గారిని ఒప్పించి, నల్ల ద్రాక్ష ఉడకబెట్టి వడకట్టి ఇవ్వడం మొదలెట్టింది. ఇప్పటికీ ఆ పని ఆవిడదే.

"పార్టీ ఇవ్వకుండా రిటైరైపోతారా అండీ? మేం ఒప్పుకోం" అని దొరబాబు గారే రోజు కూడా ఖాయం చేసేశాడు. అన్నయ్యగారి ముఖాన నెత్తురు చుక్క లేదు.

"ఆయన మూల దాక్కోకుండా నిలబడాలి, అంతే నాక్కావలసింది" అంది వదిన. ఫోన్‌లో చూసిందట, కాక్‌టెయిల్ రుచుల్ని జెలటిన్‌తో గడ్డకట్టించి బుల్లి కప్పుల్లో ఇస్తారని, వాటిని జెల్లీ షాట్లంటారని. అందరూ అందులో మందు పోస్తారు, వదిన పోయదు. చెరకురసంలో నిమ్మ, పుదీనా కలిపింది. కొబ్బరినీళ్లలో అనాస కలిపింది. ఇక ద్రాక్షరసం ఆవిడకి చేతిలో విద్య.

"చర్చిలో ప్రభు భోజనానికి వాడే బుల్లి గ్లాసులు సరిగ్గా సరిపోతాయి కదా వదినా" అని నోరు జారాను. ఆవిడ చూసిన చూపుకి జెల్లీ కంటే ముందు నేను గడ్డకట్టాను. నోరు మూసుకుని బజారుకెళ్లి ప్లాస్టిక్ కప్పులు తెచ్చాను.

చెరకు, ద్రాక్ష బుద్ధిగా పేరుకున్నాయి. అనాసది మాత్రం మర్నాటికీ నీళ్లే. జెలటిన్ పొడి అమ్మిన కొట్టతనికి ఫోన్ చేస్తే, "పచ్చి అనాస దాన్ని పేరుకోనివ్వదండి, ఉడకబెట్టి పోయండి" అన్నాడు.

"ఉడకబెట్టడం నాకేం కొత్త?" అని వదిన మళ్లీ పొయ్యి వెలిగించింది. ఈసారి కుదిరింది.

సాయంత్రం డాబా మీద పార్టీ. దొరబాబు గారు పుదీనాది నోట్లో వేసుకుని, "ఇందులో అది లేదేంటి చెల్లెమ్మా?" అన్నాడు.

"చేసింది నేనండి" అంది వదిన. ఆయన బుర్ర గోక్కుని రెండోది అందుకున్నాడు. తరవాత అనాస, ఆ తరవాత మళ్లీ పుదీనా.

అన్నయ్యగారు మాత్రం వాటర్ ట్యాంకుకి ఆనుకుని నిలబడ్డారు. వదిన ట్రే తీసుకుని అక్కడికే వెళ్లింది.

"ఏం లేదు కదా?" అన్నారాయన చిన్నగా.

"ద్రాక్షది. చర్చిలో మీరు తాగేదే."

ఆయన నోట్లో వేసుకున్నారు. నాకు కళ్లు చెమర్చాయి, దాచుకోవడమెందుకు. తరవాత వదిన చేతిలోంచి ట్రే తీసుకుని తిన్నగా జనంలోకి నడిచారు.

"చాలండి బాబూ, ఇక నా వల్ల కాదు" అని దొరబాబు గారు రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

అన్నయ్యగారు ట్రే ఇంకాస్త ముందుకు జరిపారు. "ఒక్కటేనండి, ఏం కాదు."