పంటు మీద నేర్చిన మాటలు

జనాన్ని రేవు దాటించే పంటు ఇంజను స్టార్టు చేయగానే లేచే డీజిలు పొగ, గోదావరి మీది తడిగాలి, పక్కన చేపల తట్టలోంచి వచ్చే పచ్చివాసన. ఈ మూడూ కలిసి ముక్కుకు తగిలితే చాలు, నా నాలుక మీద ఇంగ్లీషు మాటలు కదులుతాయి. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. నా ఇంగ్లీషంతా సఖినేటిపల్లి రేవుకీ నరసాపురం రేవుకీ మధ్య నేర్చుకున్నదే. నేర్పింది సుభద్ర మేడం గారు.

మాది వేట మీద బతికే ఇల్లు. తాతల నాటి నుంచీ చేపలు పట్టినవాళ్ళే గానీ, చేపకు జబ్బెందుకు వస్తుందని అడిగినవాళ్ళు లేరు. అది చదవాలని నా పట్టు. నేను కోరుకున్న సీటుకు జీఆర్‌ఈ రాయాలి. మొదటిసారి లెక్కలు ఒడ్డుకు చేర్చాయి గానీ ఇంగ్లీషు ముంచేసింది. రెండోసారీ ఇంతే అయితే చదువు ఊసే ఎత్తకూడదని నాకు నేనే షరతు పెట్టుకున్నాను. నరసాపురంలో కంప్యూటర్ సెంటరుకు పనికి వెళుతూ, పంటు మీద కళ్ళు మూసుకుని మాటలు బట్టీ పట్టేదాన్ని. రోజూ ఆ పంటు మీదే కాలేజీకి వెళ్ళే ఇంగ్లీషు లెక్చరరు సుభద్ర మేడం గారు, గొడుగు కర్రలా ఊతంగా పట్టుకుని, నన్ను కాసేపు చూశారు.

“ఏంటమ్మా, జపమా?”

“జీఆర్‌ఈ అండి. ఎంత చదివినా మాటలు గుర్తుండట్లేదండి.”

“మొహాలు లేని మాటలు ఎలా గుర్తుంటాయి? అదిగో, చేపల నాగమ్మను చూడు. అవతలి రేవు వచ్చేలోగా ఒక్కసారి నోరు మూస్తే నాకు చెప్పు. గారులస్ అంటే అదే.”

నాగమ్మ చెవులు పాముచెవులు. “నన్నేదో అంటున్నారేంటండీ?” అంది.

“వాగుడుకాయవంటున్నాను.”

“ఆయ్, నిజమేనండి. నోరు లేకపోతే చేప అమ్ముడవుద్దాండీ?”

అలా మొదలైంది. మాటకొక మనిషి. అయితే మేడం గారి దగ్గర ఒక పేచీ ఉండేది. మనిషికి మాట ఊరికే అంటగడితే ఒప్పుకోరు, సాక్ష్యం చూపించాలి. బల్లను జేబురుమాలుతో నాలుగుసార్లు తుడిచి, చివరికి కూర్చోకుండా నిలబడే పెద్దమనిషికి, ఏదీ ఓ పట్టాన నచ్చనివాడనే ఫాస్టిడియస్ ఇవ్వడానికి రెండు రోజులు కాపలా కాశాను. సంగతి పంటంతా పాకింది. తమకింకా మాట రాలేదని చిన్నబుచ్చుకున్నవాళ్ళు కూడా ఉన్నారు.

మళ్ళీ పరీక్ష రాస్తానన్నప్పుడు మా నాన్న అవుననలేదు, కాదనలేదు. వల బాగుచేసుకుంటూ కూర్చున్నాడు. నాకు ఒళ్ళు మండింది. మర్నాడు పంటెక్కగానే, “ఆబ్డ్యురేట్‌కి మనిషి దొరికాడండి. మా నాన్న. ఎంతకీ కరగడు” అన్నాను.

“సాక్ష్యం?”

“నోరు విప్పడండి.”

“విప్పకపోతే కరగనట్టేనా? ఇంటికెళ్ళి వారం రోజులు సరిగ్గా చూసి రా. అప్పటిదాకా ఆ మాట నీకివ్వను.”

చూడ్డం మొదలుపెట్టాను. సాయంత్రం నేను పుస్తకం తీయగానే నాన్న వల ఎత్తుకుని అరుగు మీదికి పోయేవాడు. ఎన్నడూ మానని టీవీ వార్తలు మానేశాడు. ఎవరైనా కబుర్లకొస్తే వాళ్ళను వీధి చివరికి తీసుకుపోయేవాడు. ఇవన్నీ నా కళ్ళముందే జరుగుతున్నాయి, నేనే చూడలేదు. వారం ఆగలేకపోయాను. “నేను మళ్ళీ రాయడం నీకిష్టం లేదా నాన్నా?” అని అడిగేశాను.

నాన్న దారం పళ్ళతో కొరికి, “వద్దని ఎప్పుడన్నానమ్మా? నాకు తెలీని దాంట్లో నేనేం మాట్టాడతాను?” అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు మేడం గారితో చెప్పాను. “రెటిసెంట్. లోపలిది బయటపెట్టని మనిషి. ఇంక ఈ మాటను నువ్వు మర్చిపోలేవు” అన్నారు.

పరీక్ష హాల్లో ఏసీ చలికి వణుకుతూ కూర్చుంటే, తెర మీద ఒక్కొక్క మాటకూ పంటు మీది మనుషులు ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు. తెలియని మాటలూ తగిలాయి గానీ ఈసారి భయం వేయలేదు. సీటుకు కావలసినంత స్కోరు వచ్చింది.

చదువుకు బయలుదేరే ముందు మేడం గారూ నేనూ చివరిసారి కలిసి రేవు దాటాం. “అందరికీ మాటలు పెట్టావు, మరి నాకో?” అన్నారు.

“దేనికీ సాక్ష్యం చాలట్లేదండి.”

“అయితే ఇంకా చూడు” అంటూ గొడుగు తెరిచి దిగిపోయారు.

ఆవిడ పోయిన కబురు నాకు ఫోనులో చెప్పింది నాగమ్మే. ఆ రోజు నాగమ్మ కూడా రెండు ముక్కలు మాట్లాడి పెట్టేసింది.

చదువు ముగించి తిరిగొచ్చాను, ఇప్పుడు ఈ పక్క రొయ్యల చెరువుల్లో జబ్బులు చూడటమే నా పని. ఇవాళ వెళుతున్నది, చెరువంతా దెబ్బతిన్నా మాతో పెదవి విప్పని ఒక రైతు దగ్గరికి. నాతో పనిచేసే లావణ్య దారి పొడవునా విసుక్కుంటూనే ఉంది. “ఎన్నిసార్లు చెప్పినా వినడండి. ఒట్టి మొండి మనిషి.”

పంటు అవతలి రేవుకు ఆనుతోంది. “సాక్ష్యం చూపించు” అన్నాను.